ఓవిడ్ మహాకవి ప్రవాస లేఖలు

రాజసత్కారం పొందిన కవుల కథలు సాహిత్య చరిత్రలో కొల్లలుగా కానవస్తాయి. రాజాగ్రహానికి గురియై, ఆ దుఃఖాన్నే కావ్యవస్తువుగా చేసికొన్న కవులు అరుదు. అట్టివారిలో మొదట పేర్కొనదగినవాడు రోమను మహాకవి ఓవిడ్. ఏబది యేండ్ల వయస్సులో సామ్రాజ్యపు సరిహద్దుకు పంపివేయబడి, మరణించేవరకు ఆతడు అక్కడినుండి పద్యాలలో ఉత్తరాలు వ్రాసినాడు. ఏ పని కోరి ఆ ఉత్తరాలు వ్రాసినాడో ఆ పని నెరవేరలేదు. అయినా రెండువేల యేండ్లుగా లోకం వాటిని చదువుతూనే ఉన్నది.

ఆతని పూర్తి పేరు పూబ్లియస్ ఓవిడియస్ నాసో. క్రీ. పూ. 43వ సంవత్సరం మార్చి 20వ తేదీన, రోమునకు తూర్పుగా కొండల నడుమనున్న సుల్మో పట్టణంలో జన్మించినాడు. నేడు దానిని సుల్మోనా అంటారు. జూలియస్ సీజరు హత్య జరిగి అప్పటికి ఏడాది అయినది. ఓవిడ్‌ది అశ్విక వర్గానికి చెందిన కలిగిన కుటుంబం. ఆతనికి సరిగా ఏడాది పెద్దవాడైన అన్న ఒకడు. ఇద్దరి పుట్టినరోజూ ఒకటే. తండ్రి కుమారులిద్దరినీ రోమునకు పంపి వక్తృత్వ విద్య నేర్పించినాడు. అన్నకు న్యాయవాద వృత్తిపై మక్కువ. తమ్మునికి కవిత్వంపై మక్కువ. కవిత్వం కూడు పెట్టదనీ, హోమరు అంతటివాడే ఆస్తి మిగుల్చలేకపోయినాడనీ తండ్రి మందలించేవాడు. తండ్రి మాట మన్నించి వచనం వ్రాయబూనితే, ఆ వాక్యాలే ఛందస్సులో ఒదిగిపోయేవట. అన్న ఇరవై యేండ్లకే మరణించినాడు. ఓవిడ్ కొన్ని చిన్న పదవులు నిర్వహించి, సెనేటు గడప త్రొక్కవలసిన సమయానికి రాజకీయాలకు స్వస్తి చెప్పినాడు. ఈ వివరాలన్నీ మనకు తెలిసినది ప్రవాసంలో ఆతడు రాబోవు తరాలవారిని సంబోధిస్తూ వ్రాసిన ఒక లేఖవలననే.

వర్జిల్ క్రీ. పూ. 19లోను, హొరేస్ క్రీ. పూ. 8లోను గతించిన తరువాత రోములో ఓవిడ్‌కు సాటివచ్చే కవి లేకపోయినాడు. ప్రేమ పద్యాలు, పురాణ నాయికలు తమ ప్రియులకు వ్రాసినట్లుగా కల్పించిన లేఖలు ఆతనికి యౌవనంలోనే కీర్తి తెచ్చినవి. ప్రణయకళను శాస్త్రగ్రంథ ఫక్కిలో పరిహాసంగా బోధించే కావ్యం ఒకటి మూడు భాగాలుగా వ్రాసినాడు. పిమ్మట సృష్ట్యాది నుండి సీజరు కాలం వరకు గల రూపపరివర్తన గాథలను పదునైదు కాండలలో కూర్చిన ‘మెటమార్ఫసెస్’ రచించినాడు. ఆ మహాకావ్యానికి తుదిమెరుగులు దిద్దుతుండగా పిడుగు పడినది.

క్రీ. శ. 8వ సంవత్సరంలో అగస్టస్ చక్రవర్తి ఆతనిని నల్లసముద్రపు పడమటి తీరంలోని టోమిస్ పట్టణానికి వెడలిపొమ్మని ఆజ్ఞాపించినాడు. న్యాయస్థానంలో విచారణ లేదు. సెనేటు తీర్మానం లేదు. చక్రవర్తి శాసనమే చాలినది. పౌరసత్వాన్ని, ఆస్తిని మాత్రం తీసివేయలేదు. కారణాలు రెండని కవియే చెప్పినాడు: ఒకటి కావ్యం, రెండవది పొరపాటు. కావ్యం ఆ ప్రణయకళా గ్రంథమే. వివాహ ధర్మాన్ని కాపాడడానికి కఠినమైన చట్టాలు చేసిన చక్రవర్తికి అది కంటకమైనది. పొరపాటు ఏమిటో ఆతడు ఎన్నడూ వెల్లడించలేదు. చూడరానిది తన కండ్లబడినదని మాత్రం సూచించినాడు. అగస్టస్ మనుమరాలు జూలియా కూడ ఆ యేడే దేశాంతరం పాలైనది గనుక ఈ రెంటికీ సంబంధం ఉండవచ్చునని పండితులు ఊహించినారు. ఊహను మించిన ఆధారం లేదు.

రోములో గడిపిన కడపటి రాత్రిని ఓవిడ్ ఒక లేఖలో కన్నులకు కట్టినట్లు వర్ణించినాడు. ఇల్లంతా శవం లేచిన ఇంటివలె రోదనంతో నిండినది. మూడుమార్లు గడప దాటబోయి మూడుమార్లు వెనుకకు వచ్చినాడు. వెంట వస్తానని భార్య పట్టుపట్టినది. రోములో ఉండి తన విడుదలకై ప్రయత్నించవలసినదిగా ఆమెను ఒప్పించినాడు. ‘మెటమార్ఫసెస్’ ప్రతిని తన చేతులతోనే అగ్నిలో వేసినాడు. మిత్రుల వద్ద వేరే ప్రతులు ఉండబట్టి ఆ కావ్యం లోకానికి దక్కినది.

చలికాలపు సముద్రంపై సాగిన ఆ ప్రయాణంలోనే ఆతడు మరల కలం పట్టినాడు. ‘ట్రిస్టియా’, అనగా విషాద గీతాలు, అయిదు భాగాలు. ‘పాంటస్ నుండి లేఖలు’ నాలుగు భాగాలు. పూర్వం ప్రేమ గీతాలకు వాడిన రెండేసి పాదాల ఛందస్సే వీటికీ వాడినాడు. అందులో మొదటి పాదం కంటె రెండవ పాదం కురుచ. దూరం నడిచి వచ్చినందువల్ల తన పుస్తకం కుంటుతున్నదేమో అని ఆ దుఃఖంలోనూ ఛలోక్తి విసరినాడు. తాను పోరాని నగరానికి తన పుస్తకం పోగలదని దానిని ఈర్ష్యతో సాగనంపినాడు. ‘ట్రిస్టియా’లో మిత్రులకు ఇబ్బంది కలుగునేమోనని వారి పేర్లు మరుగుపరచినాడు, తరువాతి లేఖలలో పేర్లు చెప్పినాడు. ఉత్తరం పోయి ప్రత్యుత్తరం రావడానికి ఏడాది పట్టేదని వాపోయినాడు. మేఘసందేశంలోని యక్షునికి ఏడాది గడిస్తే శాపం తీరుతుంది. ఓవిడ్‌కు విధించిన శిక్షకు గడువు లేదు.

టోమిస్ గ్రీకులు స్థాపించిన పాత రేవుపట్టణం. చుట్టుప్రక్కల గెటే, సర్మేషియన్ జాతులవారు ఉండేవారు. అక్కడి శీతకాలంలో డాన్యూబ్ నది గడ్డకట్టుతుందనీ, ద్రాక్షసారా జాడీ ఆకారంలోనే గడ్డకట్టి ముక్కలుగా పంచబడుతుందనీ, ఆ మంచుమీదుగా శత్రువులు గుర్రాలపై వచ్చి విషబాణాలు కురిపిస్తారనీ వ్రాసినాడు. ఇందులో అతిశయోక్తి లేకపోలేదు. ఆ ఊరే నేటి రుమేనియాలోని కాన్‌స్టాంట్సా. వేసవిలో జనం సముద్రస్నానాలకు తరలివచ్చే తీరం అది. కాని క్షమాభిక్ష కోరేవాడు తన కష్టాన్ని తక్కువ చేసి చెప్పుకొనడు గదా.

ఆ క్షమాభిక్షకై ఓవిడ్ చక్రవర్తిని దేవునిగా స్తుతించినాడు, వేడుకొన్నాడు, నేరాన్ని అంగీకరించినాడు. ఈ దైన్యం పలువురు విమర్శకులకు రుచింపలేదు. లేఖలన్నిటా ఒకే గోడు వినిపిస్తున్నదన్న ఆక్షేపణ ఆతని కాలంలోనే పుట్టినది. ఆతడు దానిని కాదనలేదు. అయితే అగస్టస్‌కు వ్రాసిన సుదీర్ఘ లేఖలో, ‘ట్రిస్టియా’ రెండవ భాగమంతా ఆ లేఖయే, వేడికోలు చాటున ఒక వాదం కూడ నడిపినాడు. ప్రేమను వర్ణించడమే నేరమైతే హోమరు మొదలు వర్జిల్ వరకు ఏ కవి నిర్దోషి అని అడిగినాడు. తన కావ్యం వేరు, తన నడవడి వేరు అన్నాడు. కవిపక్షాన చక్రవర్తి ముందు జరిగిన వాదాలలో ఇది చెప్పుకోదగినది.

అంతకంటె గంభీరమైన లేఖ పెరిల్లా అనే యువతికి వ్రాసినది. ఆమె కవిత్వంలో ఆతని శిష్యురాలు. గురువుకు పట్టిన గతి చూచి భయపడి రచన మానవద్దని ఆమెకు ధైర్యం చెప్పినాడు. రూపం వార్ధక్యం పాలగును, ధనం చేతులు మారును. మనస్సు, ప్రతిభ మాత్రమే నిలిచే సొత్తు అని బోధించినాడు. దేశం, గృహం, ఆప్తులు తన నుండి తొలగింపబడినా ప్రతిభ తన వెంటనే ఉన్నదనీ, దానిపై సీజరుకు అధికారం లేదనీ స్పష్టంగా వ్రాసినాడు. వందల పద్యాలలో తలవంచిన కవి, శిష్యురాలికి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు తల ఎత్తినాడు.

పరభాషల మధ్య లాటిన్ మాటలు మరచిపోతున్నానని ఆతడు బెంగపడినాడు. తనతో తానే మాటలాడుకొని వాటిని నిలుపుకొన్నాడు. క్రమంగా గెటే జాతి భాష నేర్చినాడు. ఆ భాషలో పద్యం కూడ వ్రాసినానని సిగ్గుపడుతూనే చెప్పుకొన్నాడు. ఆ పద్యం మనకు దక్కలేదు. టోమిస్ ప్రజలు ఆతనికి పన్నుల మినహాయింపు ఇచ్చి, పుష్పకిరీటంతో గౌరవించినారు. వారి ఊరిని నిందించినందుకు కొందరు నొచ్చుకొనగా, తన ద్వేషం నేలపైననే గాని మనుష్యులపైన కాదని సమాధానమిచ్చినాడు.

క్రీ. శ. 14లో అగస్టస్ మరణించినాడు. తరువాత వచ్చిన టైబీరియస్ ఓవిడ్‌ను తిరిగి పిలువలేదు. సుమారు క్రీ. శ. 17లో కవి టోమిస్‌లోనే కన్నుమూసినాడు.

ఆనాడు పంపివేయబడిన అతిథికి నేడు ఆ ఊరే నిలయమైనది. 1887లో కాన్‌స్టాంట్సాలో ఆతని విగ్రహం నెలకొల్పినారు. దాని ప్రతిరూపం 1925లో సుల్మోనాలో వెలసినది. రష్యా కవి పుష్కిన్ జారుచక్రవర్తి ఆగ్రహానికి గురియై దక్షిణ ప్రాంతాలకు పంపబడినప్పుడు, 1821లో ఓవిడ్‌ను సంబోధిస్తూ ఒక కవిత వ్రాసినాడు. 2017 డిసెంబరులో రోము నగరపాలక సభ అగస్టస్ విధించిన శిక్షను రద్దు చేస్తూ తీర్మానించినది. ఆ తీర్మానం అందుకొనడానికి కవి లేడు. కాని ఆతని పుస్తకాలు ఎవరి అనుమతికీ నిరీక్షింపక ఏనాడో రోము చేరుకొన్నవి.