గ్రంథాలయోద్యమ మార్గదర్శి ఎడ్వర్డు ఎడ్వర్డ్సు

చెట్టు నాటువాడొకడు, దాని నీడ ననుభవించువాడు వేరొకడు అగుట లోకములో తరచు చూచుచునే యున్నాము. చందా చెల్లింపలేని పేదవానికిని తలుపు తెరచియుంచు పౌరగ్రంథాలయమను వృక్షమును నాటినవారిలో అగ్రగణ్యుడు ఎడ్వర్డు ఎడ్వర్డ్సు అను ఆంగ్లేయుడు. ఆ చెట్టుక్రింద అతడు విశ్రమించిన దినములు మాత్రము బహుస్వల్పములు.

ఈతడు 1812వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ఇండ్లు కట్టు తాపీమేస్త్రి. ఎడ్వర్డ్సు చిన్ననాట ఆ వృత్తినే నేర్చెను. విశ్వవిద్యాలయమున చదువుటకు నోచుకొనలేదు. చేతికందిన పుస్తకమే గురువుగా స్వయంకృషిచే విద్వాంసుడయ్యెను. బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయము పగటివేళ మాత్రమే తెరచియున్నచో, పగలెల్ల శ్రమించువానికి అది యుండియు లేనట్లే యని గ్రహించి, సాయంకాలములందును దానిని తెరువవలెనని 1836లో పార్లమెంటు విచారణసంఘము నెదుట విన్నవించెను. అప్పటి కతని వయస్సు 23 ఏండ్లు. 1839లో ఆ గ్రంథాలయముననే గ్రంథపట్టికలు వ్రాయు చిన్న యుద్యోగము లభించెను.

ఆనాటి ఇంగ్లండు ధనధాన్యములకు, యంత్రపరిశ్రమలకు పేరుగాంచిన దేశము. అయినను చందాగాని సిఫారసుగాని లేకుండ సామాన్యుడు ప్రవేశించి చదువుకొనదగినది మాంచెస్టరులోని చీతం గ్రంథాలయమొక్కటియే యని ఎడ్వర్డ్సు చాటెను. 1848లో లండను గణాంకశాస్త్ర సంఘము నెదుట ఐరోపా గ్రంథాలయముల లెక్కలను సమర్పించి, ఈ విషయమున తన దేశము పొరుగు దేశములకంటె వెనుకబడియున్నదని వాదించెను. ఈ లెక్కలు విలియం యూవర్టు అను పార్లమెంటు సభ్యుని మనస్సు నాకర్షించెను. ఆయన పట్టుదలచే 1849లో విచారణసంఘమొకటి యేర్పడెను. అందు ఎడ్వర్డ్సే ముఖ్యసాక్షి.

అంతట విమర్శలు చెలరేగెను. మ్యూజియములోని తోటి యుద్యోగియే మారుపేరుతో పత్రికకు లేఖలు వ్రాసి, ఎడ్వర్డ్సు లెక్కలలోని తప్పులను ఒక్కొక్కటిగ బయటపెట్టెను. పాత పుస్తకములనుండి, ప్రయాణికుల వ్రాతలనుండి కూర్చిన లెక్కలగుటచే నిజముగనే అందు దోషములు కలవు. విమర్శ అబద్ధమైనచో త్రోసివేయుట సులభము. కొంత నిజమును కలిగియున్నప్పుడే అది ఎముకలోనికి దిగును. ఐనను కూడికలో తప్పు దొరలినచో దిద్దుకొనవలెను గాని, అంతమాత్రమున అసలు బాకీయే లేదనుట న్యాయము కాదు. ఇన్ని గ్రంథములా, అన్ని గ్రంథములా యను తగవు ఎట్లు తేలినను, పేదవానికి పుస్తకము దొరకుట లేదనుట మాత్రము నిజము. ఎడ్వర్డ్సు ఆ నిజమును పట్టుకొని నిలిచెను. 1850లో మ్యూజియము కొలువు పోయినను ఆ పట్టు విడువలేదు.

పార్లమెంటులో ఎదురైన విమర్శ వేరొక తీరుది. ఒకరి చదువునకు వేరొకరు పన్ను కట్టనేలయని కొందరు, గ్రంథాలయములు రాజకీయోపన్యాసములకు నెలవులై అలజడికి కారణమగునని కొందరు ఆక్షేపించిరి. సిబ్‌థార్పు అను సభ్యుడు, తనకు చదువుట యనిననే గిట్టదని సభలో నిస్సంకోచముగ పలికెను. 1850 మార్చిలో బిల్లునకు అనుకూలముగ 118, ప్రతికూలముగ 101 వోట్లు వచ్చెను. ఆ యేడు ఆగస్టు 14న అది శాసనమయ్యెను.

కాని విరోధులను శాంతింపజేయుటకై అందు ఎన్నియో కత్తిరింపులు జరిగెను. 10,000 జనసంఖ్యకు తక్కువగల పట్టణములకు అది వర్తింపదు. పన్ను చెల్లించువారిలో వోటు చేసినవారు మూడింట రెండువంతులు అంగీకరింపవలెను. పన్ను పౌనుకు అర పెన్నీ మించరాదు. ఆ సొమ్ముతో భవనము నిర్మింపవచ్చును, సిబ్బందిని నియమింపవచ్చును గాని పుస్తకములు కొనరాదు! పొయ్యియు కుండయు ఇచ్చి, బియ్యము మాత్రము యాచించి తెచ్చుకొమ్మన్నట్లున్నది. ఈ లోపము 1855 నాటి శాసనముతో గాని తీరలేదు.

అయినను ఆ కొద్దిపాటి హక్కుతోనే పని ప్రారంభమయ్యెను. మాంచెస్టరు పౌరులు 1852లో గ్రంథాలయమునకు అనుకూలముగ 3,962 వోట్లు వేసిరి. కాదన్నవారు 40 మంది మాత్రమే. ధనికులతోపాటు కార్మికులును చందాలిచ్చిరి. ఆ గ్రంథాలయమునకు ప్రథమ గ్రంథపాలకుడు ఎడ్వర్డ్సే. 1852 సెప్టెంబరు 2న డికెన్సు, థాకరే మున్నగు ప్రసిద్ధ రచయితల సమక్షమున అది ప్రారంభమయ్యెను. తాపీపని నేర్చిన చేయి శ్రమజీవుల చేతికి పుస్తకమందించినది.

ఎడ్వర్డ్సు దోషరహితుడు కాడు. స్వభావము పెళుసు, పైవారితో సర్దుకొనిపోవుట యెరుగడు. జీతము విషయమునను, అధికారము విషయమునను పాలకసంఘముతో పొత్తు కుదరక 1858లో ఆ యుద్యోగమును కోల్పోయెను. అంతటితో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మరుసటి సంవత్సరమే గ్రంథాలయముల చరిత్రను రెండు పెద్ద సంపుటములుగ ప్రకటించెను. కడపటి దినములు పేదరికమున గడచెను. 1883లో ప్రభుత్వము ఏటికి 80 పౌనుల భృతి నొసగెను. 1886 ఫిబ్రవరి 7న వైటు ద్వీపమునందలి నైటను గ్రామమున ఆయన కన్నుమూసెను.

లెక్కలలో తప్పులు వెదకిన లేఖలు నేడు చరిత్రకారులకు గాని కనబడవు. కాదన్నవారి వాదములు పార్లమెంటు దస్తరములలో నిదురించుచున్నవి. ప్రజల పన్నుతో ప్రజల గ్రంథాలయమను సూత్రము మాత్రము సముద్రములు దాటెను. 1948 నాటి మదరాసు పౌరగ్రంథాలయ శాసనమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనమును గ్రంథాలయపన్నుకు చోటిచ్చినవి. గ్రంథాలయమునకై చందా నడిగి చీవాట్లు తిన్న ప్రతి కార్యకర్తయు ఎడ్వర్డ్సు జీవితమును ఒకమారు స్మరింపదగును. తప్పు చూపినవానికి తలయొగ్గి దిద్దుకొనవలెను. పనియే వలదన్నవానికి పని చేసి చూపవలెను.