మచ్చల లియు కథ

ఈసారి మన గోడపత్రికకి నేను రాజు గురించి రాయట్లేదు. కథలు చెప్పి పేరు తెచ్చుకున్న ఒక చైనా మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు లియు జింగ్‌టింగ్.

ఆయన 1587 ప్రాంతంలో తైజౌలో జన్మించాడు. కుర్రతనంలోనే ఏదో నేరం మీద పడి ఊరు విడిచి పారిపోయాడు. దారిలో ఒక విల్లో చెట్టు కింద ఆగి, ఆ చెట్టు పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నాడట. చైనా భాషలో లియు అంటే విల్లో చెట్టే. మొహం నిండా గుంటల మచ్చలు. అందుకని జనం మచ్చల లియు అనేవాళ్ళు.

పొట్టకూటికి కథలు చెప్పడం మొదలుపెట్టాడు. మో హౌగువాంగ్ అనే పండితుడు గురువై నేర్పాడు. లియు నెల రోజులు సాధన చేసి వచ్చి వినిపిస్తే, ఇంకా రాలేదని పంపేవాడట. మూడో నెలకి లియు నోరు తెరవకముందే జనానికి దుఃఖం, సంతోషం కలిగేవి. అప్పుడు గానీ గురువు మెచ్చలేదు.

నాంజింగ్ నగరంలో రోజుకి ఒక్క కథే చెప్పేవాడు. పది రోజుల ముందే డబ్బిచ్చి పిలుచుకోవాలి. పులిని చంపిన వూ సోంగ్ కథ ఆయనకి పెట్టింది పేరు. వూ సోంగ్ సారా అంగడిలోకి వచ్చి, ఎవరూ లేకపోతే అరిచే చోట లియు ఒక్క కేక వేస్తే ఖాళీ కుండలన్నీ ఘుమ్మన్నట్టు ఉండేదట! వినేవాళ్ళు గుసగుసలాడినా, ఆవులించినా కథ ఆపేసేవాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. జువో లియాంగ్యు అనే సేనానికి చదువు రాదు. పండితులు రాసిన ఉత్తరాలు ఆయనకి నచ్చేవి కావు. సందుల్లో జనం నోట విని లియు నేర్చిన మాటలే నచ్చేవి. అలా లియు సేనాని కొలువులో పెద్దవాడయ్యాడు.

1645లో సేనాని చనిపోయాడు. నాంజింగ్ మంచూల వశమైంది. లియు సంపాదించిందంతా పోయింది. అరవై ఏళ్ళు దగ్గరపడ్డాక మళ్ళీ వీధికి వచ్చి కథలు చెప్పుకుని బతికాడు. యుద్ధంలో చూసిన కష్టాలన్నీ ఆ కథల్లోకి వచ్చాయి.

టేపు రికార్డరు లేని కాలం కాబట్టి ఆయన గొంతు మనకి దక్కలేదు. విన్నవాళ్ళు రాసిపెట్టబట్టే ఆయన సంగతులు తెలిశాయి. హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు ఆయన జీవితం రాశాడు. 1699లో కోంగ్ షాంగ్రెన్ ముగించిన నాటకంలో ఆయన ఒక పాత్ర. యాంగ్‌జౌ కథకులు ఆయన్ని తమ మూలపురుషుడిగా తలుస్తారు.

మన అవ్వా తాతల దగ్గర కూడా పుస్తకాల్లో లేని కథలున్నాయి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక్కటైనా విని, నోటుబుక్కులో రాసుకుని రండి. ఈ గోడ మీద అంటిద్దాం.