బలమే ఆస్తిగా బతికిన మల్లుడు: కోడి రామ్మూర్తి

ఉత్తరాంధ్రలో కోడి రామ్మూర్తి పేరు వినని వాళ్లు తక్కువ. శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం ఉంది. విశాఖ సముద్రతీరాన విగ్రహం ఉంది. కళ్లంలో ఎవడైనా ధాన్యం బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తుకుంటే వీడొక కోడి రామ్మూర్తిరా అంటారు. అయితే ఆ బలం ఎక్కడ పుట్టింది, ఏ బరిలో అమ్ముడుపోయింది, చివరికి ఆయనకేం మిగిల్చింది అన్న సంగతులు మాత్రం చాలామందికి తెలియవు. రెక్కలు తప్ప వేరే ఆస్తి లేని మన పాఠకులు తెలుసుకోవలసిన సంగతులివి. ఆయన విదేశపు బరిలో ఎద్దుకు ఎదురు నిలిచినవాడు గనుక, ఆయన కథతో పాటు ఎద్దుల ఆటలు, పసులకాపరుల పోటీలు ప్రపంచంలో ఎలా పుట్టాయో కూడా ఈసారి చెప్పుకుందాం.

రామ్మూర్తి 1882 ప్రాంతంలో వీరఘట్టంలో పుట్టాడు. ఆనాడది మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలోది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక దానిలో చేరింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నప్పుడే పోయింది. చదువు మీద మనసు నిలవని గుంటణ్ని తండ్రి విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే చిన్నాన్న నారాయణస్వామి దగ్గరికి పంపాడు. అక్కడే వ్యాయామశాలలో పడ్డాడు. కుస్తీ నేర్చాడు. బరువులెత్తడం నేర్చాడు.

అప్పటి మన పల్లెల్లో బలమంటే వేడుక కాదు, బతుకుతెరువు. దున్నేది ఎద్దు, నీళ్లు తోడేది ఏతాం, ధాన్యం మోసేది నాటుబండి. బుగత ఇంటి కంబారి తెల్లారకముందే పసుల సాల ఊడవాలి, మేత వెయ్యాలి, పొగరుబోతు కోడెకు ముకుతాడు వెయ్యాలి, కాడి అలవాటు చెయ్యాలి. కోడె కొమ్ము విసిరితే కాచుకోవడం, తన్నబోతే తప్పుకోవడం ఎవరో బడిపెట్టి నేర్పింది కాదు. పనిలో దెబ్బలు తిని నేర్చుకున్నదే. పండగ రోజున ఆ బలమే ఆటగా మారేది. సంగిడి రాళ్లెత్తడం, ఎడ్లబళ్ల పందేలు, కుస్తీలు అలా వచ్చినవే. అలమండ, మానాపురం, కందివలస పసుల సంతల్లో బేరగాడు ఎద్దు పళ్లు చూసి, మూపురం తట్టి, నడిపించి చూసి ధర కడతాడు. మనిషి బలానికి కూడా ఒక ధర కట్టే సంత ఉందని రామ్మూర్తి జీవితం చెబుతుంది. ఆ సంత పేరు సర్కస్.

రామ్మూర్తి మద్రాసు వెళ్లి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందాడు. తిరిగివచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. కొన్నాళ్లకు పొట్టి పంతులు అనే ఆయన తోడ్పాటుతో సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టాడు. సర్కస్ కూడా పశువుల పనిలోంచి పుట్టినదే. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే గుర్రపు సైనికుడు గుండ్రటి బరిలో స్వారీ విద్యలు చూపి డబ్బు వసూలు చెయ్యడం మొదలుపెట్టాడు. మన దేశంలో విష్ణుపంత్ ఛత్రే అనే మహారాష్ట్రుడు 1880లో మొదటి దేశీయ సర్కస్ నడిపాడు. ఆయన కూడా గుర్రాలకు తర్ఫీదు ఇచ్చినవాడే.

రామ్మూర్తి ప్రదర్శనల్లో పులుల కంటే, గుర్రాల కంటే పెద్ద ఆకర్షణ రామ్మూర్తే. ఒంటికి ఇనప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగబట్టి తెంచేవాడు. కదలబోయే మోటారు కారును మోకుతో పట్టి ఆపేవాడు. రొమ్ము మీద పలక పరిపించుకుని దాని మీదుగా ఏనుగును నడిపించేవాడు. ఇందులో మంత్రం లేదు, మాయ లేదు. పలక ఉంటే ఏనుగు బరువు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది. ఊపిరితిత్తుల నిండా గాలి పట్టి ఉంచితే ఛాతీ గట్టిపడుతుంది. ఏనుగు దాటే ఆ కొద్ది క్షణాలు ఊపిరి జారకూడదు. జారిందా, పక్కటెముకలు పొడైపోతాయి. ప్రాణాయామం అభ్యాసం చేసిన రామ్మూర్తి ఈ సాధనతోనే నెగ్గుకొచ్చాడు. శాకాహారమే తినేవాడు. మాంసం తింటేనే మల్లుడవుతాడన్న మాటను ఆయన శరీరమే కొట్టేసింది.

తెల్లవాడు మనల్ని పిరికిపందలని, బక్కప్రాణులని ఈసడించే కాలమది. ఆ రోజుల్లో ఒక తెలుగువాడు బరిలో నిలబడి కారును ఆపితే చూసే జనానికి అది ఒట్టి వినోదం కాదు. తలెత్తుకునే సందర్భం. అందుకే తిలక్, మదనమోహన్ మాలవీయ వంటి జాతీయ నాయకులు ఆయన్ని ఆదరించారు. కలియుగ భీముడు, మల్లమార్తాండ, ఇండియన్ హెర్క్యులిస్ అని బిరుదులు వచ్చాయి. సర్కస్‌తో ఆయన సముద్రాలు దాటి వెళ్లాడు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చాడని చెబుతారు. ఏ సామ్రాజ్యం మనవాళ్లను చేతకానివాళ్లన్నదో ఆ సామ్రాజ్యాధిపతే చప్పట్లు కొట్టాడన్నది ఆనాటి జనం మురిసిపోయిన సంగతి.

మన ఊళ్లలో ఎక్కువగా చెప్పుకునే కథ స్పెయిన్‌ది. అక్కడ ఎద్దుతో పోరు జాతీయ వేడుక. ఆ పోరులో దిగమని రామ్మూర్తిని పిలిచారట. ఆయనకు కత్తి, ఎర్రగుడ్డ వాడే అలవాటు లేదు. వట్టి చేతులతో బరిలో నిలబడ్డాడట. ఉరికివచ్చిన ఎద్దును కొమ్ములు దొరకబుచ్చుకుని, మెడ వంచి కింద పడేశాడట. చెప్పేవాణ్ణి బట్టి కథ కొంచెం పెరుగుతుంది, కొంచెం తరుగుతుంది. కాని కోడె కొమ్ములు పట్టి మెడ వంచి లొంగదీయడం మన కంబారులకు తెలియని విద్యేమీ కాదు. కాబట్టే మనవాళ్లకు ఈ కథ అంత నచ్చింది.

ఇక ఈ ఎద్దుల బరి సంగతి చూద్దాం. స్పెయిన్‌వాళ్లు 1520ల నుంచి తమ ఎద్దుల్ని, ఆవుల్ని, గుర్రాల్ని ఓడల మీద మెక్సికోకు చేర్చారు. అక్కడి ఆదివాసుల భూములు లాక్కుని పెద్ద పెద్ద పశుక్షేత్రాలు పెట్టారు. ఆదివాసి గుర్రమెక్కితే తిరగబడతాడని మొదట్లో నిషేధించారు. కాని వేలాది పశువుల్ని కాయాలంటే దొరలకు చేతకాదు. చివరికి ఆదివాసుల్నీ, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల్నీ గుర్రమెక్కించక తప్పలేదు. వాళ్లే వకేరోలు, అంటే పసులకాపర్లు. కంచెలు లేని మైదానంలో చెదిరిన మందను చుట్టుముట్టి ఒకచోటికి తోలే పనికి స్పానిష్ భాషలో రోడియో అని పేరు. దూడలకు యజమాని గుర్తు కాల్చి వెయ్యడానికి, అమ్మకానికి వేరు చెయ్యడానికి ఈ పని చేసేవాళ్లు. పని అయ్యాక ఎవడు బాగా మోకు విసురుతాడు, ఎవడు మరపని గుర్రం మీద నిలుస్తాడు అని తమలో తాము పోటీ పడేవాళ్లు. మన సంగిడి పోటీల మాదిరిదే. రోడియో ఆట అలా పుట్టింది.

మెక్సికో నుంచి ఈ విద్య టెక్సాస్‌కు పాకింది. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో పశువులు చవక, ఉత్తరాది నగరాల్లో మాంసం ప్రియం. ఆ తేడా మీద కన్నేసిన వ్యాపారులు మందల్ని వందల మైళ్లు నడిపించి రైలు స్టేషన్లకు తోలించారు. తోలినవాళ్లే కౌబాయ్‌లు. సినిమాల్లో తుపాకి తిప్పే వీరుడిగా చూపిస్తారు గాని, నిజానికి అతను జీతగాడు. మన కంబారిని గుర్రమెక్కిస్తే అతనే. వాళ్లలో నల్లవాళ్లు, మెక్సికన్లు చాలామంది. 1883లో టెక్సాస్ ఉత్తరభాగంలో కొన్ని క్షేత్రాల కౌబాయ్‌లు నెలకు 50 డాలర్ల జీతం కావాలని సమ్మె కట్టారు. మొదటి కాగితం మీద 24 మంది సంతకాలు చేశారు. యజమానులు వేరేవాళ్లను పనిలో పెట్టుకున్నారు, సమ్మె చేసినవాళ్లకు ఎక్కడా పని దొరక్కుండా చూశారు. రెండు మూడు నెలల్లో సమ్మె ఓడిపోయింది. 1874లో పేటెంటు పొందిన ముళ్లతీగ అప్పటికే మైదానాల్ని చుట్టేస్తోంది. కంచె పడ్డాక మందను కాసే మనుషుల అవసరం తగ్గింది.

అదే 1883లో బఫెలో బిల్ అనే ఆయన కౌబాయ్‌ల విద్యల్ని టిక్కెట్టు పెట్టి చూపించే ప్రదర్శన మొదలుపెట్టాడు. పొలంలో పని పోయిన మనిషి బరిలోకి వచ్చాడు. ఇంతకు ముందు పశువుల యజమానికి పనిచేసినవాడు ఇప్పుడు ప్రదర్శన యజమానికి పనిచేశాడు. రామ్మూర్తి పుట్టిన కాలమూ ఇదే.

ఆ బరిలో నిలిచినవాళ్లలో రామ్మూర్తికి సాటివాడు బిల్ పికెట్. 1870లో టెక్సాస్‌లో పుట్టిన నల్లవాడు. ఒకప్పుడు బానిసగా ఉన్నవాడి కొడుకు. పరుగెత్తే గుర్రం మీద నుంచి ఎద్దు మీదికి దూకి, కొమ్ములు పట్టి మెడ తిప్పి పడేసే విద్యకు పేరు తెచ్చినవాడు అతనే. నేటికీ రోడియోలో అదొక ముఖ్యమైన పోటీ. 1908లో మెక్సికో నగరంలో పోరు ఎద్దు తలకు వేలాడి నిలిచాడు. కాని నల్లవాడని చాలా పోటీల్లోకి రానివ్వలేదు. అతని పుట్టుక దాచిపెట్టి బరిలోకి దించిన రోజులూ ఉన్నాయి. 1932లో గుర్రం తన్ని చనిపోయాడు. కౌబాయ్‌ల గౌరవ మందిరంలో అతనికి చోటు దొరికింది 1971లో.

అతను పోయిన నాలుగేళ్లకు, 1936లో, బోస్టన్ నగరపు బరిలో 61 మంది రోడియో రౌతులు బహుమతి సొమ్ము పెంచాలని, తాము కట్టిన ప్రవేశ రుసుం కూడా బహుమతిలో కలపాలని సంతకాలు చేసి బయటికి నడిచారు. నిర్వాహకుడు వేరేవాళ్లను దింపి ఆట నడపబోతే జనం గేలిచేశారు. అతను దిగిరాక తప్పలేదు. అప్పుడు వాళ్లు సంఘం పెట్టుకుని దానికి తాబేళ్ల సంఘమని పేరు పెట్టుకున్నారు. మెల్లగా కదిలినా చివరికి మెడ బయటపెట్టామని దాని అర్థం. 1883లో ఓడిన పని 53 ఏళ్ల తర్వాత నెగ్గింది.

ఇంకో సంగతి. రోడియోలో మనిషిని ఎగరేసి పడేసే మూపురపు ఎద్దుల్లో మన దేశపు నెత్తురుంది. అమెరికాలో బ్రాహ్మన్ అనే జాతిని మన ఒంగోలు, గిర్, గుజరాత్ కాంక్రేజ్ జాతుల కలయికతో తయారుచేశారు. బ్రెజిల్‌లో ఒంగోలు జాతికి నెల్లూరు పేరే పెట్టి నెలోరె అంటారు. ఇక్కడ దుక్కికి, బండికి పెంచిన రైతు చెయ్యి ఆ ఎద్దుల వెనక ఉంది. ఆ చేతులకు దానిలో దమ్మిడీ వాటా రాలేదు.

తిరిగి రామ్మూర్తి దగ్గరికి వద్దాం. సంపాదించినంత కాలం బాగా సంపాదించాడు. జాతీయోద్యమానికి, అడిగినవాళ్లకు ధారాళంగా ఇచ్చాడు. తనకని నిలవ చేసుకోలేదు. పికెట్‌కు లేని భాగ్యం ఆయనకు ఒకటుంది, కంపెనీకి తానే యజమాని. అయినా ఆ కంపెనీకి మూలధనం ఆయన ఒళ్లే. పలక కింద పడుకోవలసింది ఆయనే. చివరికి కాలు తీసేయవలసి వచ్చింది. మత్తుమందు పుచ్చుకోకుండా, ప్రాణాయామంతో నొప్పి ఓర్చుకున్నాడని చెప్పుకుంటారు. కాలు పోయాక బరి లేదు. బరి లేకపోతే రాబడి లేదు. లక్షలమందిని చప్పట్లు కొట్టించిన మనిషి చివరి రోజులు ఒడిశాలో ఒక సంస్థానాధీశుడి ఆదరణలో గడిచాయి. 1942 జనవరిలో బలంగీర్‌లో కన్నుమూశాడు.

రామ్మూర్తి బతికుండగానే, 1923లో, పనిలో దెబ్బతిన్న కార్మికుడికి పరిహారమివ్వాలనే చట్టం ఈ దేశంలో వచ్చింది. ఫ్యాక్టరీలు, గనులు, రైళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టమది. దుక్కిలో ఎద్దు పొడిచిన కంబారి దాని కంట పడలేదు. కాలు విరిగిన పాలేరుకు బుగత దయే చట్టం. సంస్థానాధీశుడి దయతో గడిచిన రామ్మూర్తి ముసలితనానికీ, బుగత దయతో గడిచిన కంబారి ముసలితనానికీ తేడా కూడులో ఉందిగాని పద్ధతిలో లేదు. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపే ఇద్దరికీ విలువ.

రామ్మూర్తి మనకిచ్చింది ధైర్యం. పల్లెటూరి గుంటడు సాధన చేస్తే ప్రపంచం ముందు నిలబడగలడని చూపించాడు. ఆయన పేరు చెప్పి మన ఊళ్లలో వ్యాయామశాలలు నడిపే కుర్రవాళ్లను మేము మెచ్చుకుంటున్నాం. నడవాలి కూడా. అయితే సాయంత్రం సంగిడి రాయి ఎత్తే కుర్రవాళ్లే పొద్దున్న బస్తాలు మోసే కూలీలు. వాళ్ల నడుం పట్టేసిన రోజున, కాలు మడతపడిన రోజున ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి అన్నది ఆ వ్యాయామశాలలోనే కూచుని మాట్లాడుకోవలసిన సంగతి. ఎద్దు కొమ్ము వంచడానికి ఒక్కడి బలం చాలింది. దెబ్బతిన్నవాడికి కూలి ఇప్పించడానికి ఒక్కడి బలం చాలదని టెక్సాస్‌లో ఓడినవాళ్లూ బోస్టన్‌లో నెగ్గినవాళ్లూ తేల్చి చెప్పారు.