పాట చివర పేరు: గౌహర్ జాన్

1902వ సంవత్సరము నవంబరు మాసమున కలకత్తాలోని ఒక హోటలు గదిలో వింత కచేరీ యొకటి జరిగినది. సభ లేదు, శ్రోతలు లేరు. పెద్ద గొట్టము ఒకటి మాత్రము గాయని యెదుట నోరు తెరచుకొని యున్నది. దాని యావల మైనపు పలక తిరుగుచుండెను. గ్రామఫోను కంపెనీవారు పంపగా వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గు ఆ యంత్రమునకు అధిపతి. విలువైన నగలతో, పరివారముతో విచ్చేసిన గాయని గొట్టములోనికి ముఖము వంచి, సుమారు మూడు నిమిషములు గట్టిగా పాడి, పాట ముగియగానే తన పేరును ఇంగ్లీషులో ప్రకటించినది. ఆమె గౌహర్ జాన్.

ఆ ప్రకటన ఆడంబరము కాదు. మైనపు అచ్చులు ఓడనెక్కి జర్మనీలోని హానోవరు పట్టణము చేరి, అక్కడ రికార్డులు కావలెను. అచటి పనివారికి హిందూస్థానీ పాట ఎవరిదో తెలియుట యెట్లు? అందుకే పేరు చెప్పించిరి. వాగ్గేయకారుడు కృతి చివర వేసికొను ముద్ర వలె, అది క్రమముగా ఆమె ముద్రయే అయినది. భారతదేశమున తొలిసారి రికార్డు ఇచ్చినది ఆమెయే యని పలువురు వ్రాయుచుందురు గాని, అది సరి కాదు. రంగస్థలమునకు చెందిన ఇరువురు యువతులు కొన్ని దినములు ముందే పాడి యుండిరి. వారి పేర్లు నిలువలేదు. ఈమె పేరు నిలిచినది.

చిత్రమేమనగా, ఆ పేరు పుట్టుకతో వచ్చినది కాదు. 1873 జూన్ 26న ఆజంగఢులో ఆర్మీనియను సంతతికి చెందిన తండ్రికి జన్మించిన ఆ బిడ్డ మొదటి పేరు ఏంజెలీనా యోవార్డు. ఆరేండ్ల ప్రాయమున తలిదండ్రులు విడిపోయిరి. తల్లి కాశీ చేరి, ఇస్లాము స్వీకరించి, మల్కా జాన్ అయినది; కుమార్తె గౌహర్ అయినది. 1883లో ఇరువురును కలకత్తా వచ్చిరి. రాజ్యము పోగొట్టుకొన్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా అప్పుడు మటియాబుర్జులో సంగీత నాట్యములను పోషించుచుండెను. గౌహర్ బిందాదీన్ మహారాజు వద్ద కథక్ అభ్యసించినది. 1887లో దర్భంగా సంస్థానమున తొలి కచేరీ చేసినది.

యంత్రము ముందు పాడిన గొంతు చెడునని, విద్య అపాత్రుల చేతిలో పడునని ఉస్తాదులు పలువురు వెనుదీసిరి. గౌహర్ వెనుదీయలేదు. గంటసేపు విస్తరింపవలసిన రాగమును మూడు నిమిషములకు కుదించుట కేవలము కత్తిరించుట కాదు. ఆలాపనను ఒకటి రెండు పలుకులలో సూచించి, నేరుగా పల్లవిని అందుకొని, తానములతో వడిగా ముగింపవలెను. ఈ కిటుకును పట్టుకొనుటయే ఆమె మేధ. 1920 నాటికి పదికి పైగా భాషలలో దాదాపు 600 రికార్డులు వెలువడినవి.

గొంతుతోపాటు రూపమును కూడ ఆమె ఊరూర తిరుగనిచ్చినది. వచ్చినప్పుడెల్ల కొత్త దుస్తులు, కొత్త నగలు ధరించెడిదని గైస్‌బర్గు తన జ్ఞాపకములలో వ్రాసికొనెను. ఆమె చిత్రములు పోస్టు కార్డులపై, ఆస్ట్రియాలో తయారైన అగ్గిపెట్టెలపై సయితము అచ్చయినవి. కచేరీ గడప తొక్కజాలని పేదవాడు కూడ అగ్గిపుల్ల గీచునప్పుడు ఆ ముఖమును చూడగలిగెను. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు సందర్భమున ఐదవ జార్జి చక్రవర్తి యెదుట అలహాబాదు జానకీబాయితో కలసి పాడినది.

1906లో తల్లి మరణించిన పిమ్మట కష్టములు ఆరంభమైనవి. ఇంట పెరిగిన దాసీపుత్రుడొకడు తానే మల్కా జాన్ వారసుడనని వ్యాజ్యము వేసెను. రికార్డు రికార్డునకు తన పేరు చాటిన గాయని, తానెవరి బిడ్డయో న్యాయస్థానమున రుజువు చేసికొనవలసి వచ్చినది! ఎన్నడో విడిచిపోయిన తండ్రిని వెదకి సాక్ష్యము కోరవలసి వచ్చినది. వ్యాజ్యము గెలిచినది గాని ధనము కరిగినది. తరువాత తన కార్యదర్శితో జరిగిన వివాహము కూడ కోర్టులకే దారితీసి, మిగిలిన ఆస్తిని హరించినది.

1928 ఆగస్టులో మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయరు ఆమెను నెలకు 500 రూపాయల వేతనముపై ఆస్థాన విద్వాంసురాలిగా నియమించెను. 1930 జనవరి 17న ఆమె ఆ నగరముననే కన్నుమూసినది. అప్పటికి వయస్సు 56 ఏండ్లు. కొలువులో చేరి రెండేండ్లయినను నిండలేదు.