ఐదు భాషలు నేర్చి తెలుగుకు పని కల్పించిన మనిషి



అడ్మిషన్ల రోజుల్లో మీరు ఎక్కువగా అడిగే ప్రశ్నలు భాషల గురించే. ఇంగ్లిష్ త్వరగా రావాలంటే ఇంట్లో తెలుగు తగ్గించాలా? హిందీ ఎంతవరకు అవసరం? మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటే తెలుగు పోతుందా? నూరేళ్లకు పైగా కిందట మన ప్రాంతంలో పుట్టిన పిల్లలకు ఈ చిక్కు ఇంతకంటే పెద్దది. ఆ పిల్లల్లో ఒకరు ఐదు భాషలు నేర్చుకున్నారు. ఒక్కదాన్నీ వదులుకోలేదు. 1952లో తొలి సాధారణ ఎన్నికల్లో మన వనపర్తి నుంచే శాసనసభకు గెలిచారు. ఆయన సురవరం ప్రతాపరెడ్డి. ఈ నెల ఆయన జీవితాన్ని భాషల వైపు నుంచి చూద్దాం.

నదికి ఈవల ఉర్దూ, ఆవల ఇంగ్లిష్

ప్రతాపరెడ్డి 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. రెండూ ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివే. అప్పుడు మాత్రం అలంపూరు తాలూకా రాయచూరు జిల్లాలో ఉండేది. ఒకసారి ఊహించండి. ఇంట్లో, పొలంలో మాట్లాడేది తెలుగు. జిల్లా కేంద్రంలో వినిపించేది కన్నడం. కచేరీలో కాగితం రాసేది ఉర్దూలో. తుంగభద్ర దాటి కర్నూలులో అడుగుపెడితే అది మద్రాసు రాష్ట్రం, అక్కడ దొరతనం ఇంగ్లిష్‌ది.

ఆయన చదువు ఈ హద్దులన్నీ దాటుకుంటూ సాగింది. కర్నూలులో బడికి వెళ్లారు, అక్కడే సంస్కృతం నేర్చుకున్నారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివారు. మద్రాసులో బీఏ, ఆపైన న్యాయశాస్త్రం పూర్తి చేశారు. ఉర్దూ, పారశీకం కూడా వంటబట్టించుకున్నారు. తెలుగుతో కలిపి లెక్కేస్తే ఐదు భాషలు. వీటిలో ఉర్దూ, ఇంగ్లిష్ ఆనాటి ఉద్యోగాల భాషలు. ఈ రోజు మీరు మీ అబ్బాయికి, అమ్మాయికి ఇంగ్లిష్ ఎందుకు కావాలనుకుంటున్నారో, అప్పటి తల్లిదండ్రులు ఉర్దూ కూడా అందుకే కోరుకునేవారు.

అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లే. అయినా పై చదువులు, కోర్టులు, దఫ్తర్లు ఎక్కువగా ఉర్దూలోనే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. దానికోసం ముందే, 1917లో, అనువాద విభాగం పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. ఇందులో మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. పని అప్పజెప్పాక ఉర్దూలో ఫిజిక్సూ వచ్చింది, వైద్యమూ వచ్చింది. ఏ పనీ అప్పజెప్పని తెలుగు మాత్రం వంటింట్లో, పొలం గట్టు మీద ఉండిపోయింది.

ఆ వెలితి ఎంత దూరం పోయిందో 1921 నవంబరులో బయటపడింది. హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. ఇంగ్లిష్‌లో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవాళ్లను అందరూ విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. చదువుకున్నవాళ్ల సభలో తమ భాష నవ్వులపాలైందని నొచ్చుకున్న కొద్దిమంది తెలుగువాళ్లు ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తొమ్మిదేళ్లకు, 1930లో, ఆ ఉద్యమం జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభగా సమావేశమైంది. దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డే.

మూడు పనులు

మద్రాసు నుంచి వచ్చాక ప్రతాపరెడ్డి కొంతకాలం వకీలుగా ఉన్నారు. తర్వాత హైదరాబాదులో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు. ఆ హాస్టల్‌కు పెద్దదిక్కు, నగర కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. ఆయనా మనవాడే, వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టినవాడు. తర్వాతి కాలంలో ప్రతాపరెడ్డి ఆయన జీవితచరిత్ర రాశారు.

తెలుగు కోసం ప్రతాపరెడ్డి ఏం చేశారని అడిగితే మూడు పనులు చెప్పుకోవాలి.

మొదటిది పత్రిక. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. దానికి ఆయనే సంపాదకుడు. వార్తలు రాయడం, ప్రూఫులు దిద్దడం, రకరకాల మారుపేర్లతో వ్యాసాలు నింపడం, చాలా వరకు ఒంటిచేత్తో నడిపారు. తెలుగు చదవడం వచ్చినా ఆ చదువుకు పని లేని ఊళ్లలో, ఇప్పుడు ఒక పని దొరికింది. తమ ఊరి వెట్టిచాకిరి గురించి, అధికారుల జులుం గురించి, పెళ్లి ఖర్చుల గురించి తమ మాటల్లోనే చదువుకోవచ్చు. సర్కారు నుంచి ఒత్తిళ్లు వచ్చినా పత్రిక ఆగలేదు.

రెండోది కవుల సంచిక. తెలంగాణలో తెలుగు కవులే లేరని ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు రాశారు. పండిత సభలకు పేరుపడి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం పక్కన పెరిగిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో మీరే ఆలోచించండి. ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. ఊరూరి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో ఉన్న కవులు 354 మంది. ఇక జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడోది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వచ్చిన ఈ పుస్తకంలో రాజుల యుద్ధాలు వెనక్కి పోయాయి. మన ముత్తాతల ముత్తాతలు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, ఏ వృత్తులు చేశారు, ఏ పండుగలు జరుపుకున్నారు అన్నవి ముందుకొచ్చాయి. ఇలాంటి చరిత్రకు ఆధారాలు ఎక్కడివి? పాల్కురికి సోమనాథుడి కావ్యాల్లో, క్రీడాభిరామంలో, హంసవింశతిలో, సామెతల్లో, పరదేశి యాత్రికుల రాతల్లో వెతికారు. నిఘంటువుల్లో అర్థం సరిగా దొరకని పాత మాటకు పల్లె జనం నోట అర్థం పట్టుకున్నారు.

భాషలన్నీ ఒక్కచోట కలిసింది ఇక్కడే. సంస్కృతం రాకపోతే కావ్యాలు తెరుచుకోవు. ఇంగ్లిష్ రాకపోతే యాత్రికుల రాతలు, కొత్త చరిత్ర పద్ధతి అందవు. ఉర్దూ, పారశీకం రాకపోతే మన ఊరి మాటల్లో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఇంటి తెలుగు రాకపోతే ఇవన్నీ ఉన్నా పల్లె మాట అర్థం కాదు. నాలుగు భాషల నుంచి తెచ్చిన సరుకు ఐదో భాషలో పుస్తకమైంది. తెలుగులో సాహిత్య అకాడమీ తొలి పురస్కారం, 1955లో, దీనికే వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు. 1953 ఆగస్టు 25న, 57వ ఏట, వనపర్తి ఎమ్మెల్యేగా ఉండగానే కన్నుమూశారు. ఇటీవల హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

ఆయనకు ఉర్దూ మీద కోపం లేదు

ప్రతాపరెడ్డి తెలుగు కోసం పోరాడారంటే ఉర్దూను దూరం పెట్టారని అనుకోకండి. ఆయన మొగలాయి కథల్లో ఒకదాని పేరు గ్యారా కద్దూ బారా కొత్వాల్. పదకొండు గుమ్మడికాయలు, పన్నెండుమంది కొత్వాళ్లు అని అర్థం. కాయల కంటే వసూలు చేసేవాళ్లే ఎక్కువన్నమాట. ఆ చమత్కారం ఉర్దూ వచ్చినవాడికే తడుతుంది, తెలుగు పాఠకుడి కష్టం తెలిసినవాడే దాన్ని కథగా రాస్తాడు. ఆయనకు రెండూ తెలుసు.

మన నోళ్లు వినండి. దవాఖాన, తహసీలు, హాజరు, ఖర్చు, దస్తావేజు, సర్కారు అనకుండా వనపర్తిలో ఒక రోజు గడుస్తుందా? గద్వాల వైపు వెళ్తే తెలుగులో కన్నడ యాస తగులుతుంది. మన పిల్లలు ఒక భాష నుంచి ఇంకో భాషలోకి పోవడం కొత్తగా నేర్చుకోవక్కర్లేదు. ఈ నేలలోనే అది ఉంది.

మరి మన ఇళ్లలో?

మన బడిలో బోధన ఇంగ్లిష్‌లో. మీరు ఫీజు కడుతున్నది చాలావరకు దానికోసమే, అందులో తప్పేమీ లేదు. ఇంగ్లిష్ బాగా రావాల్సిందే. 2018 చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో పదో తరగతి వరకు తెలుగు ఒక సబ్జెక్టుగా తప్పనిసరి. కాబట్టి టైంటేబుల్‌లో తెలుగు పీరియడ్‌కు ఢోకా లేదు.

ప్రమాదం వేరే చోట ఉంది. పీరియడ్ అయ్యాక తెలుగుకు పని ఏమిటి? పిల్లవాడు పరీక్షలో పద్యానికి ప్రతిపదార్థం రాసి, ఇంటికొచ్చి నానమ్మ చెప్పిన మాట అర్థంకాక ముఖం చూస్తే, ఆ మార్కులు ఎందుకు? వచ్చీ రాని ఇంగ్లిష్‌లోనే ఇంట్లో మాట్లాడాలని మనం పట్టుబడితే, మనసులో ఉన్నదంతా చెప్పుకునే భాష ఆ పిల్లవాడికి ఏదీ మిగలదు. కొత్త భాష నిలబడేది ముందున్న భాష మీదే. ప్రతాపరెడ్డి జీవితం చూపించేది ఇదే.

అందుకే ఈ నెల ఇంట్లో తెలుగుకు కొన్ని పనులు పెట్టండి.

సరుకుల చీటీ పిల్లలతో తెలుగులో రాయించండి. కరెంటు బిల్లు మీద, రేషన్ కార్డు మీద, బస్సు బోర్డు మీద ఉన్న తెలుగు చదివించండి. సైన్సు పాఠం ఇంగ్లిష్‌లో చదివాక, అదే విషయాన్ని తాతయ్యకు తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే, చెప్పలేకపోతే ఎక్కడ ఆగారో మీకూ తెలుస్తుంది. ఇంట్లో ఉర్దూ, కన్నడం, లంబాడీ, మరే భాష ఉన్నా దాన్నీ దాచకండి, అదీ పిల్లల ఆస్తే.

ఇంకొక పని పెద్ద తరగతుల పిల్లలకు. అమ్మమ్మను, ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, ఇప్పుడు వాడుక తగ్గిన పది మాటలు రాసుకు రమ్మనండి. పొలం పనిముట్లు, పాత కొలతలు, వంట పాత్రలు, ఆటల పేర్లు ఏవైనా సరే. ప్రతి మాటకు అర్థం, చెప్పినవారి ఊరు పక్కన రాయాలి. తెలుగు టీచరుకు ఇస్తే తరగతి గోడ మీద పెడతారు. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఉపయోగపడ్డ పద్ధతుల్లో ఇదీ ఒకటే.