రిఛారియా ధాన్యాగారం

దేశం మొత్తానికి ఏ విత్తనం మంచిదో ఢిల్లీలో కూర్చుని నిర్ణయించడం కృషి భవన్‌కు కొత్త కాదు. ఎవరు మంత్రిగా ఉన్నా ఏదో ఒక కొత్త వంగడం పేరు ఆ నడవాలలో మారుమోగుతూనే ఉంటుంది. అటువంటి ఒక నిర్ణయానికి ఎదురు నిలిచి పదవి పోగొట్టుకున్న డాక్టర్ రాధేలాల్ హరేలాల్ రిఛారియా పేరు మాత్రం అక్కడ అరుదుగా వినబడుతుంది. 1996లో ఆయన కన్నుమూశారు. ఆయన లేవనెత్తిన వివాదం ఆయనతో పోలేదు.

కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందిన రిఛారియా 1959లో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థకు డైరెక్టరయ్యారు. 1943 నాటి బెంగాల్ కరవు తర్వాత, 1946లో వెలసిన సంస్థ అది. ఆ మరుసటి ఏడే ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల ధనంతో ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఏర్పడింది. కొద్దికాలానికే తైచుంగ్ నేటివ్-1, దాని వెనుకనే ఐఆర్-8 అనే పొట్టి రకాలు మన దేశానికి చేరాయి. ఎరువు ఎంత వేసినా పడిపోని పైరు, చూసినవారిని అబ్బురపరచే దిగుబడి!

రిఛారియా ఈ దిగుబడిని కాదనలేదు. బయటి విత్తనంతో బయటి తెగుళ్ళు కూడా వస్తాయని, ఒకే రకాన్ని దేశమంతటా పరిస్తే చీడకు రాజమార్గం వేసినట్లేనని ఆయన వాదం. తైచుంగ్ రకం ఎండాకు తెగులుకూ టుంగ్రోకూ సులభంగా లొంగిపోతుందన్నది తర్వాత అందరూ అంగీకరించిన సంగతే. 1969లో తూర్పు ఉత్తర ప్రదేశ్, బీహారులలో టుంగ్రో చెలరేగింది. కాని అప్పటికే రిఛారియా కటక్ పీఠం మీద లేరు. గడువుకు ముందే ఆయనను సాగనంపారు. ఆయన న్యాయస్థానానికి వెళ్ళి తన గౌరవాన్ని నిలుపుకున్నారు గాని, పోయిన అవకాశం తిరిగి రాలేదు.

రెండో పక్షాన్ని కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1965, 1966 సంవత్సరాలలో వానలు మొహం చాటేశాయి. పి.ఎల్.480 కింద వచ్చే అమెరికా గోధుమ ఓడల కోసం దేశం రేవులలో ఎదురు చూసింది. అటువంటి సమయంలో వ్యవసాయ మంత్రి సుబ్రహ్మణ్యంను పదేళ్ళు పరిశోధించి చూద్దామని ఎవరు ఆపగలరు? 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 పండించి చూపిన దిగుబడిని డెల్టా రైతులు కళ్ళారా చూశారు. కాలువ నీరు, ఎరువు, అప్పు అందే చోట ఆ విత్తనం మాట నిలబెట్టుకుంది. అవి అందని చోట ఏమిటన్నదే రిఛారియా ప్రశ్న.

దానికి సమాధానం వెతుక్కునే అవకాశం ఆయనకు 1970 దశకంలో మధ్యప్రదేశ్ ప్రభుత్వం వల్ల దక్కింది. రాయపూర్‌లో వరి పరిశోధనా సంస్థ ఒకటి పెట్టి ఆయన చేతికిచ్చింది. అరకొర నిధులు, గుప్పెడు మంది సిబ్బంది. ఛత్తీస్‌గఢ్ పల్లెపల్లెకూ మనుషులను పంపి, రైతుల గాదెలలోని ప్రతి రకాన్నీ పిడికెడు చొప్పున తెప్పించి, పేరూ ఊరూ నేలా రాసి భద్రపరచారు. అలా కూడినవి సుమారు 19 వేలు.

ఎందుకన్ని అని పట్టణవాసికి అనిపించవచ్చు. ఆ ప్రాంతపు రైతు తన నేలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని విడదీసి చూస్తాడు. ఎర్రని మిట్టనేల అయిన భాటాలో తేమ నిలవదు. వానలు తగ్గకముందే కోతకు వచ్చే వరి కావాలి. పల్లపు నల్లరేగడి కన్హార్‌లో దీర్ఘకాలిక రకం హాయిగా పండుతుంది. ఒకే కుటుంబానికి రెండు రకాల నేలా ఉండవచ్చు. పశువులకు పొడుగాటి గడ్డి కావాలి, అటుకులకొక రకం, పండుగకు దుబ్‌రాజ్ వంటి సువాసన బియ్యం కావాలి. కర్గా అనే అడవి వరి మొలకలోనే పైరును పోలి ఉండి కలుపు తీసేవారిని మోసగిస్తుంది గనుక, ఆకు ఊదారంగులో ఉండే రకాలు వేసి పచ్చనివన్నీ పీకి పారేస్తారు. ఇది శాస్త్రం కాక మరేమిటి?

ఈ సంపదను రిఛారియా కేవలం మురిపెంగా దాచుకోలేదు. పరీక్షించిన దేశీయ రకాలలో దాదాపు 8 శాతం, హెక్టారుకు 3,700 కిలోలకు పైగా ఇచ్చి, ప్రభుత్వ నిర్వచనం ప్రకారమే అధిక దిగుబడి రకాలని తేల్చారు. మంచి సంకర మొక్క పిలకలను విడదీసి తిరిగి నాటుతూ పోతే రైతు ఏటా విత్తనం కొనే అవసరం తప్పుతుందన్న పద్ధతిని కూడా ప్రచారం చేశారు. దానికి పట్టే కూలి ఎంతో లెక్క చూసినవారికి అది అన్ని చోట్లా సాగుతుందని అనిపించదు. నాకూ ఆ సందేహం ఉంది.

ఆ దశకం ముగియకముందే రాయపూర్ సంస్థ మూతబడింది. ప్రపంచ బ్యాంకు సహాయంతో పరిశోధనలు చేపట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉండగా మరొకటి ఎందుకన్నది అధికారుల తర్కమనీ, ఆ సహాయానికి షరతే ఈ మూసివేత అనీ ఆయన పక్షం వారు చెబుతూ వచ్చారు. విత్తనాలు విశ్వవిద్యాలయానికి వెళ్ళాయి. వాటిని ఊరూ పేరుతో ఎరిగిన మనిషి భోపాల్‌లో ఇంట కూర్చున్నారు.

1983లో ప్రధాని ఇందిరాగాంధీ కార్యాలయం వరి ఉత్పత్తి పెంపుపై ఆయన సలహా కోరింది. ప్రతి ప్రాంతానికీ ఒక చిన్న కేంద్రం ఉండాలని, అక్కడి రకాలు అక్కడే రైతుల నడుమ పెరగాలని, వాటిలోంచే మేలైనవి ఎంచి అభివృద్ధి చేయాలని ఆయన ప్రణాళిక రాసి ఇచ్చారు. మరుసటి ఏడు ఇందిర హత్యకు గురయ్యారు. ఆ కాగితం ఢిల్లీ దస్త్రాలలో ఒకటైపోయింది. 1986లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో క్లాడ్ ఆల్వారెస్ రాసిన వ్యాసం వల్లనే ఈ కథ దేశానికి తెలిసింది.

ఆయన పోయిన ఆరేళ్ళకు, 2002లో, రాయపూర్ విశ్వవిద్యాలయం ఆ విత్తనాల నిధి విషయమై సింజెంటా కంపెనీతో ఒప్పందానికి సిద్ధపడిన సంగతి బయటపడింది. రైతు సంఘాలు వీధికెక్కాయి. కంపెనీ వెనక్కు తగ్గింది. రైతుల విత్తన హక్కును గుర్తించే చట్టం అంతకు ముందు ఏడే పార్లమెంటులో నెగ్గినా, ఆ నిధిని కాచింది చట్టం కాదు, వీధిలోని జనమే.

ఛత్తీస్‌గఢ్ పొలాలలో ఇప్పుడు విరివిగా కనిపించేవి మన మారుటేరులో పుట్టిన స్వర్ణ, ఎం.టి.యు.1010 వంటి రకాలు. తెలుగువారు గర్వించదగినదే. రిఛారియా పోగుచేసిన వేల రకాలలో అధిక భాగం శీతల గదిలో సంచులలో ఉన్నాయి. 2023లో నగరీ దుబ్‌రాజ్‌కు మాత్రం భౌగోళిక గుర్తింపు లభించింది.