చూపించి ఒప్పించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి

నేను పుట్టి పెరిగింది మద్రాసులో. మా నాన్నగారు జార్జిటౌన్‌లో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవారు. ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని ఆ వీధులు తిప్పుతూ, ఒకప్పుడు ఈ ఊళ్ళో గాజుల లక్ష్మీనరసు శెట్టి అనే తెలుగు వర్తకుడు ఉండేవాడనీ, కుంపిణీ దొరల్నే నిలదీశాడనీ చెప్పేవారు. తర్వాత చదువు, వీసా, ఉద్యోగం, పిల్లల చదువులు. ఆ సందట్లో ఆ పేరు మరిచేపోయాను. మళ్ళీ ఎలా గుర్తొచ్చిందో చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

కొన్నేళ్ళ క్రితం మా ఊళ్ళో సంక్రాంతి పాట్‌లక్‌లో ఒక ప్రభుత్వ పథకం గురించి వాదన వచ్చింది. పాతికేళ్ళ స్నేహితుడొకాయన ఒక మాటంటే నేను కాదన్నాను. రుజువు కావాలంటే ఇదిగో అని నా ఫోన్లో వీడియో చూపించి, పదిమందిలో ఆయన నోరు మూయించాను. ఆయన అరిసెలు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండానే మా అమ్మాయి ఆ వీడియో ఎప్పుడో వేరే దేశంలో తీసిందని తేల్చింది. తప్పయిందని ఆయనకి ఫోన్ చెయ్యడానికి నాకు మూడు నెలలు పట్టింది. నాన్నగారు చెప్పిన శెట్టిగారు గుర్తొచ్చింది ఆ మూడు నెలల్లోనే. లైబ్రరీకి వెళ్ళి ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

లక్ష్మీనరసు శెట్టి 1806లో మద్రాసులో తెలుగు మాట్లాడే వర్తక కుటుంబంలో పుట్టారు. తండ్రి బట్టలు, నీలిమందు వ్యాపారం చేసేవారు. పెద్ద పెద్ద చదువులు చదవకపోయినా, కొడుకు కూడా ఆ వ్యాపారంలో దిగి బాగా గడించారు. హాయిగా కూర్చుని తినవచ్చు. కానీ ఆయన మనసు ఊరి సంగతుల మీదికి పోయింది. 1844లో ఒక పత్రికను కొని, క్రెసెంట్ అని పేరు మార్చి ఇంగ్లీషులో నడపడం మొదలుపెట్టారు. ఎడ్వర్డ్ హార్లే అనే ఇంగ్లీషాయనను సంపాదకుడిగా పెట్టుకున్నారు. తెలుగువాడు ఇంగ్లీషు పత్రిక ఎందుకు పెట్టాడని మొదట నాకూ అనిపించింది. రైతు కష్టం రైతుకి చెప్పనక్కర్లేదు కదా. అది చదవవలసినవాళ్ళు కోటలోనూ, లండన్‌లోనూ ఉన్నారు.

ప్రభుత్వానికి ఆ పత్రిక కంట్లో నలుసయింది. తమ గెజెట్‌లో దాని ప్రకటన వేయడానికి కూడా ఒప్పుకోలేదు. శెట్టిగారు వెనక్కి తగ్గలేదు. 1846లో గవర్నరు ట్వీడేల్ సర్కారు బడుల్లో బైబిలును పాఠంగా పెట్టాలన్నప్పుడు పట్నంలో పెద్దల్ని కూడగట్టి మహజరు పంపించారు. మరుసటి ఏడు లండన్‌లోని డైరెక్టర్లు గవర్నరు మాటకు ఒప్పుకోలేదు. ప్రభుత్వం చేసిన ఆలోచనను కూడా ప్రజలు మాట్లాడి ఆపవచ్చని అప్పుడు చాలామందికి తెలిసింది.

అసలు పోరాటం ఆ తర్వాతిది. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి. శిస్తు కట్టలేని రైతును కింది ఉద్యోగులు ఎండలో నిలబెట్టేవారు. మెడకూ కాలివేళ్ళకూ తాడు వేసి వంగదీసి కట్టేవారు. రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి, నిమ్మకాయ పిండినట్టు నొక్కేవారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, కానీ కాగితాల మీద మాత్రం అంతా సవ్యంగా ఉండేది. దీన్నే ఇప్పుడు స్పిన్ అంటున్నాం. అప్పుడు దానికి పేరు లేకపోయినా పని అదే.

కుంపిణీ చార్టరు 1853లో మళ్ళీ పార్లమెంటు ముందుకి రావలసి ఉంది. అది చూసుకునే 1852లో శెట్టిగారు మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. శిస్తు భారం, హింస, కోర్టుల ఆలస్యం, చదువుకి ప్రభుత్వం పెట్టే ఖర్చు చాలకపోవడం, ఇవన్నీ రాసి పార్లమెంటుకి మహజరు పంపారు. ఎన్ని రాసినా కాగితం కాగితమే. లండన్‌లో కూర్చున్నవాళ్ళు గిట్టనివాళ్ళ మాటలని కొట్టేయవచ్చు.

అందుకని ఆయన ఇంకో పని చేశారు. ఇండియా సంస్కరణ కోసం లండన్‌లో పెట్టిన సంఘానికి అధ్యక్షుడైన డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వచ్చారు. శెట్టిగారు ఆయన్ని విందులతో సరిపెట్టి పంపలేదు. వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పారు. రైతుల్ని ఎదురుగా నిలబెట్టి వాళ్ళ గోడు వినిపించారు. 1854 జూలైలో సేమూర్ కామన్స్ సభలో ఈ సంగతి ఎత్తారు. నమ్మనివాళ్ళు ఉన్నా, చూసొచ్చినవాడు చెబుతుంటే ఊరికే తోసెయ్యడం కుదరలేదు. ఆ ఏడే మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో విచారణ సంఘం వేయవలసి వచ్చింది. వందలాది రైతులు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1855లో వచ్చిన నివేదిక, శిస్తు కోసం హింస జరుగుతున్న మాట నిజమేనని ఒప్పుకుంది.

అయితే అందులోనూ ఒక మెలిక ఉంది. తప్పంతా మన కింది ఉద్యోగులదేననీ, దొరలకు అది ఇష్టం లేదనీ నివేదిక తేల్చింది. అంటే, జరగలేదు అనడం కుదరకపోయేసరికి, జరిగింది గానీ మాది కాదు అన్నారు. ఈ పాట మనం ఇప్పటికీ వింటూనే ఉన్నాం.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. ఆ నివేదిక సముద్రం దాటి అమెరికాకీ వచ్చింది. 1857 సెప్టెంబరు 17న న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో దాని మీద వ్యాసం వచ్చింది. రాసింది అప్పుడు లండన్‌లో ఉంటున్న కార్ల్ మార్క్స్. నివేదికలోని సాక్ష్యాలే తీసుకుని, దొరలకు సంబంధం లేదన్న మాట నిలబడదని వాదించారు. ఆ రోజుల్లోనే మన రైతుల కష్టం ఇక్కడి పేపర్లో అచ్చయిందన్న మాట.

ఆ తర్వాత ప్రభుత్వమే శెట్టిగారికి సి.ఎస్.ఐ. బిరుదు ఇచ్చింది. 1863లో మద్రాసు శాసనసభలో కూర్చోబెట్టింది. ఆయన 1868లో కన్నుమూశారు. గడించినదంతా ఈ పనులకే కరిగిపోయి, చివరికి పేదవాడిగానే పోయారట.

నేను ఫోన్లో ఒక్క వేలు నొక్కి పంపిన దాన్ని రుజువు అనుకున్నాను. ఆయన రుజువు కోసం పత్రిక నడిపి, మహజర్లు రాయించి, పైగా ఒక మనిషిని ఎడ్లబండ్ల కాలంలో పల్లెలకు తీసుకెళ్ళి కళ్ళారా చూపించారు. నాన్నగారు ఉండి ఉంటే, ఎవరి కథ చెబితే నువ్వెవరివయ్యావురా అని అడిగేవారేమో.

మా స్నేహితుడు మంచివాడు, ఫోన్లోనే నవ్వేశాడు. ఇప్పటికీ మా ఇద్దరికీ ఆ పథకం మీద ఏకాభిప్రాయం లేదు. వీడియోలు మాత్రం మానేశాం. ప్రభుత్వం వేసిన కాగితం, దాన్ని తప్పుపట్టినవాళ్ళ కాగితం, రెండూ ముందు పెట్టుకుని పోట్లాడుకుంటున్నాం. ఈ సభలకి ఇద్దరం ఒకే కారులో వస్తున్నాం. దారి పొడుగునా వాదన తప్పదు.